పోలికలు

తుర్కులో నవంబరు. మూడు దాటగానే చీకటి.
ఔరా నది మీద పడేది వానో మంచో
కిటికీకి కూడా తెలియడం లేదు.

ఏడేళ్ళ కిందట నేనే రాశాను ఆ బటన్‌ని.
దీవులకెళ్ళే ఫెర్రీ టికెట్టు కొనడానికి.
పదకొండు లైన్లు. నీలం రంగు. నొక్కితే ఒక్క పని.

రద్దు చేయడానికి ఇంకోటి కావాలన్నారు.
రంగే కదా తేడా అనుకుని
దానికో ప్రశ్న తగిలించాను: ఎరుపా?
సైకిలు బొమ్మ ఉండాలా? ఇంకో ప్రశ్న.
స్వీడిష్ మాట పొడుగై రెండో వరసలోకి జారితే? ఇంకోటి.
డబ్బు అందేదాకా ఆగాలా?
ఆగాలి, అని ముందే నింపి పెట్టాను,
ఎక్కువమందికి అదే కావాలి కదా అని.

అన్నిటినీ ఒకే గాటన కట్టినందుకు
ఆ ఏడు నాకు కేకు కోశారు.

ముప్పై ఎనిమిది ప్రశ్నలు.
ఇప్పుడు దాన్ని పిలవాలంటే
అది ఏమేం కాదో ముందు చెప్పుకోవాలి.

సెప్టెంబరులో, బయటి దీవుల్లో,
రూనార్ అనే ముసలాయన
భార్యకి ఊపిరాడక
వైద్యుల పడవ కోసం నొక్కాడు.
బటన్ బూడిదరంగుకి తిరిగి
చిన్న చక్రం తిప్పుకుంటూ
బ్యాంకు జవాబు కోసం నిలబడింది.
ఏ బ్యాంకు?

ఆయన ఫోను చేశాడు. పడవ వెళ్ళింది. ఆమె బతికింది.
అందులో నా గొప్పేమీ లేదు.

హిల్లెవి మా దగ్గర చేరి మూడు వారాలు.
నన్నొక్క మాట అనలేదు.
పడవ బటన్‌ని విడిగా, మొదట్నుంచీ రాసింది.
"రాసిందే మళ్ళీ రాస్తున్నావు" అన్నాను,
దొంగను పట్టుకున్నట్టు.
"రెండిటికీ పోలికలున్నాయి" అంది,
తెర మీంచి కళ్ళు తిప్పకుండా,
"చుట్టరికం లేదు."

రంగూ, మూలల వంపూ,
వణికే బొటనవేలికి చాలినంత చోటూ
ఒకచోట రాసిపెట్టింది, ఎవరైనా తీసుకోవచ్చు.
నొక్కాక ఏం జరగాలో మాత్రం
ఎవరిది వాళ్ళకే వదిలేసింది.

నిన్న కుక్కల టికెట్టుకి బటన్ అడిగారు.
నా వేళ్ళు అలవాటుగా పాత ఫైలు తెరిచాయి.
ముప్పై తొమ్మిదో ప్రశ్న సగం టైపు చేశాక
చెరిపేశాను.
ఇంకా ఏమీ రాయలేదు. చూద్దాం.

ఇంటికెళ్తూ ఫోరి ఎక్కాను.
చిన్న పడవ. టికెట్టు లేదు.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, మళ్ళీ ఇటు.
దాన్ని సముద్రం మీదికి కూడా పోగలవా అని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.