రెండు పాత తువ్వాళ్లు

హమామత్సులో ఏప్రిల్.
రాత్రి షిఫ్టు దిగి, చేతులకు గ్రీజు వాసన పోకముందే
కాయికిని పక్కన పెట్టుకుని బడి ఆఫీసులో కూర్చున్నాను.
నాకొచ్చిన జపనీస్ అంతా ఫ్యాక్టరీదే:
ఆపు, జాగ్రత్త, డబ్బా నిండింది, ఇంకోసారి.
ఈ నాలుగు మాటలతో పిల్లాణ్ణి బడిలో వేసేదెలా?

కువబారా గారు కాగితాలు పరిచారు.
మా ఇంటిపేర్లు మూడు. గడులు ఆరు.
మా నాన్న పేరు కాగితం అంచు దాటి
బల్ల మీదికి పోయింది.

తేవాల్సిన వస్తువుల చిట్టా ఫోనుకి చూపిస్తే
ఫోను చెప్పింది:
"చనిపోయిన తువ్వాళ్లు రెండు, పేరుతో సహా."
నేను ఆయన వంక చూశాను. ఆయన ఫోను వంక చూశారు.
బీరువాలోంచి ఓ గుడ్డ తెచ్చి
మోకాళ్ల మీద కూలబడి నేల తుడిచారు.
ఓహో. పాత తువ్వాలు మడిచి కుట్టాలన్నమాట.
ఇక్కడ పిల్లలే తుడుచుకుంటారు.

తర్వాతిది దిండులా ఉంది, టోపీలానూ ఉంది.
ఎందుకని చేతులు తిప్పాను.
రేపో మాపో రిటైరయ్యే మనిషి
టై సర్దుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని
బల్ల కిందికి దూరారు.
దూరి, బల్లకాలు పట్టుకుని ఊపారు.
పెన్నులు దొర్లిపడ్డాయి.
విమానం దిగాక కాయికి నవ్వడం అదే మొదలు.
నాకు మాత్రం నవ్వు రాలేదు.
బల్ల కింద ఆయన మడమలు,
వాటి పక్కన, ఊహలో, నా కొడుకు మడమలు.

చీటీ మీద వాడి పేరు రాసిచ్చారు, మూడే అక్షరాలు.
షిఫ్టు విరామంలో, కూల్‌డ్రింకుల మెషీన్ వెలుతురులో కుట్టాను.
మొదటిది వంగిన కొడవలి.
రెండోది గోడకి చేరేసిన కర్ర.
మూడోది కరెంటు స్తంభం,
ఎటు తిప్పినా స్తంభమే.
చదవడం రాకపోతేనేం, కుట్టు వచ్చు కదా
అనుకున్నాను.

జూన్ వానల్లో ఉతకడానికి గుడ్డలు తెచ్చాడు.
నా ముందు పరిచి, ఏదో అంటూ,
మెల్లగా తల కిందికీ కాళ్లు పైకీ తిప్పాడు.
అప్పుడు అర్థమైంది.
రెండు నెలలుగా నా కొడుకు పేరు
శీర్షాసనం వేసి వరండాలన్నీ తుడుస్తోంది.
అన్న మాట వాళ్ల భాషలో అన్నాడు.
అన్నట్టు వాడికే తెలీదు.

ఒకటి విప్పి సరిగ్గా కుట్టాను.
రెండోదానికి కత్తెర అందుకుంటే
నా చెయ్యి పట్టుకున్నాడు.
ఎందుకు వద్దో చెప్పాడు, చాలాసేపు, వేళ్లు మడుస్తూ,
ఎవరెవరివో పేర్లతో.

నాకున్న నాలుగు మాటల్లో వెతికాను.
అన్నాను:
ఇంకోసారి.