కోసినా విడిపోనిది

పంటు రాని ఓ మధ్యాహ్నం
రేవులో బోర్లించిన నావ తారుపొట్ట మీద
సుద్దముక్కతో రాశాను
7 39 39 133

"ఇన్ని కాయలు రాశి పోస్తే
ఎందరికి పంచినా సమంగా రావు వీరవేణీ,
మొత్తం ఒక్కరికో, తలకొకటో తప్ప."

చివరి మూడు చెరిపెయ్యమన్నాను.
మిగిలిందీ అంతే.
ఇంకో మూడు, ఒకటి, తొమ్మిది, మూడు
తడివేలితో తుడుస్తూ పోయింది.
ఏడువందల ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగి
ఇరవైమూడు దాకా తనే భాగించి చూసింది.
అంతకు పైవి నా మాట మీద నమ్మింది.
నేనూ ఎవరి మాట మీదో నమ్మినవాణ్నే.

వాళ్ల లంకభూమీ చివరి నుంచే పోతోంది.
తాత నాడు పద్నాలుగెకరాలు, ఇప్పుడు నాలుగు.
మొన్న వరదకి ఓ కొబ్బరివరస
వేళ్లతో సహా ఏట్లోకి ఒరిగింది.
"మిగిలింది మాత్రం పంచుకోలేదు మాస్టారూ,
పంచితే గట్లకే సరిపోద్దంట."

తొమ్మిది పోయింది. మూడు పోయింది.
ఏడు.

"మొదటిదాని పక్కన ఇంకో అంకె రాస్తే?"
సున్నా నుంచి తొమ్మిది దాకా
ఏది చేర్చినా విడిపోతుందన్నాను.
అవతలి ఒడ్డు కేసి చూసింది:
"మేట పడ్డ చోటే కదండీ కొట్లాటలు."

పంటెక్కాక వెనక నుంచి అప్పన్న కేకలు,
నా నావ మీద ఏడెవరు రాశారు,
దాని నంబరు పదకొండని.

"అదీ విడిపోదు బాబాయ్!"
ఇంజను మోతలో
అతనికి వినబడలేదనుకుంటా.