సొంత డబ్బా

"ఒక్క నిమిషం పిన్నీ, ఒక్క నిమిషమే.
నీ గురించి నువ్వే సెప్పాల"
అంటూ హైమ సెల్లుని
కందిపప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టింది.
నా వెనక క్యాలెండరు తీసేసింది,
దండెం మీది లంగాలు తీసేసింది.
గోడ మీద బల్లి మాత్రం మాట వినలేదు.

నమస్కారం. నా పేరు తామాడ దమయంతి.
మాది కాశీబుగ్గ.
తర్వాత?
తర్వాతేటి?

జీడి ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు.
కటింగులో ఆరు, మిగతావి ప్యాకింగులో.
పది కిలోల రేకు డబ్బా నిండాక
వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టాలి.
పప్పు సర్దుకున్న డబ్బా దుబ్బుమంటుంది,
వెలితి ఉన్నది ఖంగుమంటుంది.
కాటా అబద్ధమాడిన రోజున కూడా
నా చెవి ఆడలేదు.
షావుకారు కాటాని పక్కన పెట్టి
"దమయంతిని పిలండి" అనేవాడు.
మెచ్చుకున్నాడని కాదు,
ఆదివారాల కూలి ఎగ్గొట్టిందీ ఆయనే.

మాఘంలో రంగు చూసి ఏరే మిషను వచ్చింది,
దాని వెనకే గాలి లాగి మూత బిగించే మిషను.
అరవై మందిమి గేటు బయట
టిఫిను క్యారేజీలు పట్టుకుని
ముందు ఎవరు నవ్వాలో తెలీక
అందరం ఒకేసారి నవ్వాము.

ఇప్పుడు పలాస రోడ్డులో కొత్త కంపెనీ.
సరుకు నాణ్యత చూసే మనిషి కావాలంట.
చూడటం వస్తే చాలదంట,
చూడటం వచ్చని చూపించుకోవడం రావాలంట.
ఫారంలో ఒక గడి:
మిమ్మల్ని మీరు మూడు మాటల్లో వర్ణించండి.
హైమ నింపేసింది,
పట్టుదల, నాయకత్వం, ఉత్సాహం.
"ఎవర్తే ఈవిడ?"
"నువ్వే పిన్నీ."
మా వీధిలో ఎప్పుడూ చూళ్లేదే!

రెండోసారి.
"నవ్వు. సేతులు కిందికి దించు."
జీడిసొన తిన్న వేళ్లు,
రేషను డిపోలో మిషను పోల్చుకోని వేళ్లు.
"అందర్లోనూ నువ్వు కనపడాల పిన్నీ,
నీకంటూ ఒక ముద్ర ఉండాల."
వేలిముద్రకే గతి లేదు, తల్లీ.

మూడోసారి దగ్గొచ్చింది.

నాలుగోసారి:
"డబ్బాలు నింపేవాళ్లం, లారీకెక్కించేవాళ్లం..."
"ఆగాగు. మేము అనకు. నేను అను."
నేను నింపాను.
నేను ఎక్కించాను.
మరి పెట్టె అటు కొసన పట్టుకున్న
కొర్ల పార్వతి ఏమైనట్టు?
దాన్ని మాటల్లోంచి తీసేస్తే
బరువంతా ఒకవైపుకే ఒరిగిపోదా?

మీ గుంట బాగా సదువుతుందంట కదా
అని దారిన పోయేవాళ్లు అంటే చాలు
ఏదోలెండి అని తలుపేసి
ఉప్పూ మిరపకాయలూ తిప్పి
పొయ్యిలో పడేసేది మా అమ్మ.
మెప్పు చెవిన పడితేనే హడలిపోయే ఇంట్లో పెరిగి
నా దిష్టి నేనే, నా నోటితోనే
నాకు పెట్టుకోవాలి, అదీ నవ్వుతూ.

అయిదు. ఆరు.
"పని పోయిందనకు పిన్నీ.
కొత్త అవకాశం కోసం చూస్తన్నాననాల."
అన్నాను.
ఏడోసారికి హైమకి నచ్చింది,
నచ్చిందో, కాలేజీ బస్సుకి టైమయిందో.
పంపేసి చెప్పులేసుకుంది.
"బాగొచ్చింది. ఆవిడెవరో బాగా మాట్లాడింది"
అన్నాను. గుంట నవ్వలేదు.

సెల్లుకి ఆనుడుగా నిలబడ్డ డబ్బాని
చెయ్యి ఊరుకోక
కణుపుతో రెండు దెబ్బలు కొట్టాను.
ఖంగుమంది.
"ఒలే హైమా, వస్తా వస్తా కిలో కందిపప్పు తే.
నిండుకుంది."
గుమ్మంలో ఆగి చూసింది,
"అయిపోయిందా?"
అయిపోయింది అనం మేము.
అడుగు కనిపిస్తున్నా సరే
నిండుకుందనే అంటాము.