ఐదు నట్లు

జడ్చర్ల ఆవల, ట్రాక్ పక్క షెడ్డుల
సల్లారినంక చక్రాలు ఊడదీసిన.
డిస్కు మీద నీలి మచ్చ,
దాని నడుమ ఎంట్రుక లెక్క ఒక గీత.

"గదేం గాదు జాంగీరన్నా, ఇంక మూడు రౌండ్లే"
హెల్మెట్ సంకల వెట్టుకొని నిఖిలేశ్.

గోరుతోని గీసిన. గోరు ఆగింది.
అంచుదాంక వోయింది పగులు.

మా అమ్మ అంగట్ల కుండ కొనాలంటె
ఏలు మడిచి కొట్టి చెవి ఒగ్గేది.
రెండు డిస్కులు తాడుకు ఏలాడదీసి
పానాతోని గట్లనే కొట్టిన.
ఎడమది గంట లెక్క మోగింది.
కుడిది
దగ్గింది.

కుండ పలిగితె నీళ్లే పోతయి, పిలగా.

ఇనలే. గడియారమే చూస్తున్నడు.
బయట బండ్లు మొత్తుకుంటున్నయి,
గాలి నిండ కాలిన వాసన.

ఐదు నట్లు అంగి జేబుల ఏసుకున్న.
బరువుకు జేబు కిందికి గుంజవట్టె.
చాయ్ తాగనీకి పోయిన.