గురువారం దాకా

మొదటి రోజు తెర మీద ఒక్కటే పచ్చ గీత,
చీర అంచుల కెల్లి పోగు జారినట్టు.
తుడిస్తే పోలె.
మూసి తెరిస్తే పోయింది. నవ్వుకున్న.

మూడో వారం వచ్చేసరికి
నేను గీసిన మెట్ల వరుస
ముక్కలు ముక్కలై, గులాబీ నీలం గళ్ల లుంగీ అయింది.
లోపలి పంకా మాత్రం
బండ మీద పండుకున్న కుక్క లెక్క ఎగపోసుకుంట.

పొద్దంత నేను కట్టేది పరంజా.
గాలా దిక్కు, ఎనిమిదో అంతస్తు, నడుముకు తాడు.
రాత్రి నేను గీసేది బిల్డింగు.
గీతలు వస్తే నీడకు కూసుండే కొలువు ఇస్తమన్నరు.
ఇంటికి పోతున్న ఫిలిప్పీన్ ఫోర్‌మన్ దగ్గర
నూట ముప్ఫై రియాళ్లకు కొన్న దీన్ని,
రెండు విడతలు, ఒక బాకీ.

కంపెనీకి ఫోన్ చేసిన.
నలభై నిమిషాలు వాళ్ల పియానో విన్న.
ఆఖరికి ఒక పిల్ల, మర్యాదస్తురాలు, హిందీల
సీరియల్ నంబరు అడిగింది.
బోర్లేసి, టార్చి పట్టి, సున్నానో ఓ-నో తేలక రెండూ చదివిన.
'దీన్ని మనీలాల కొన్నరు సార్. గ్యారంటీ అక్కడనే చెల్లుతది.'
నన్ను రాయికల్‌ల కన్నరు, ఇక్కడ చెల్లుతున్న గద
అనబోయి, ఊకున్న.
'ఒకసారి డ్రైవర్‌ను మార్చి చూడండి' అన్నది.

పక్క మంచం మీద లింబాద్రి లేచి కూసున్నడు.
పదకొండేండ్ల సంది లేబర్ బస్సు నడుపుతడు.
'ఇంజను ఖరాబైతే డ్రైవర్‌ను మారుస్తరా?
ఎక్కడికి పోయినా గదే కథనారా!'
గది గదంత నవ్వింది.
తెలుగు రాని ఆ పిల్ల కూడ నవ్వింది,
అంతల్నే గొంతు సవరించుకొని కేసు నంబరు చెప్పింది.
పదకొండు అంకెలు. అరచెయ్యి చాలలె, మణికట్టు దాక రాసుకున్న.

రువీల సర్వీస్ సెంటర్. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది.
టోకెన్ అరవై రెండు.
'బోర్డు మొత్తం మార్చాలె. నూట తొంభై. ఆరు వారాలు.'
పోయింది చిప్పొక్కటే గద?
'మేము విప్పం. మారుస్తం.'

మంగలి దుకాణానికి, దర్జీ దుకాణానికి నడుమ
నులక మంచం పట్టేంత జాగల మురాద్ బక్ష్.
బలూచీ మనిషి, ఒక కంటికి భూతద్దం.
పొట్ట విప్పి ఇసుక ఊదిండు.
నా బట్టల మీద దిగొచ్చిన ఇసుకనే గావచ్చు.
చిటికెన వేలితోటి చిప్పు చూపెట్టిండు:
'దీని కింద ఆవగింజ కన్న సన్నపు సీసం గుండ్లు, వందలు.
వేడెక్కుతయి, సల్లబడతయి, మళ్ల వేడెక్కుతయి.
వేడికి గాదు భాయ్, సలువకు గాదు,
అటు ఇటు తిరుగుడుకే పర్రెలు పడతయి.'

జూన్‌ల పన్నెండున్నరకు దిగుడు, మూడున్నరకు ఎక్కుడు.
మోకాలు రుద్దుకున్న.

'వేడి గాలి పట్టి మళ్ల కరిగిస్త. పన్నెండు రియాళ్లు.
నెల నడుస్తదో, మూడు నెలలో.
కొత్తదైతదని చెప్పి నీ పైసలు తినను.
నీకు ఎన్ని రోజులు కావాలె?'

వీసా పడ్డ సంది నన్ను గీ మాట అడిగినోడు లేడు.
గురువారం దాకా, అన్న.
గురువారం పొద్దున పరీక్ష.

రాత్రి, ఏసీ కింద పండే లింబాద్రి
తన దిండు గుంజుకొని
'గీడ పెట్టు, దానికే కావాలె సలువ' అని
తలుపు దిక్కు తిరిగి పండుకున్నడు.
తెల్లారి నాలుగున్నరకు అతని బస్సు.

పదమూడో మెట్టు గీస్తుంటే ఫోన్ మోగింది.
మీ కేసు పరిష్కారమైంది.
మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తరు?

తెర కుడి అంచుకు పచ్చగ, సన్నగ ఏదో.
గీతనో, నా కంటి నీరో.
తుడవలె.
పద్నాలుగు.