పావు చుట్టు

ములుగు రోడ్డు మీద మా లేత్ షెడ్డు.
యాకయ్య మామ పోయినంక
బోర్డు మీద ఆయన పేరే ఉంచిన.
చెయ్యి మాత్రం నాది.

సారంగపాణి బండి తెచ్చిండు,
పట్నంల సెకండ్ హ్యాండ్ కొన్న పాత ఆక్టేవియా.
ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం ఆయనది.
డోర్ తీస్తే
మిర్చి ఘాటు ముందు దిగుతది, మనిషి తర్వాత.
తుమ్మి, ముక్కు తుడుసుకొని అడిగిన, ఏం కావాలె?
"గాలి కావాలె అక్కా. ఇంకింత గాలి."

టర్బోకు ఒక తలుపు ఉంటది.
గాలి ఎక్కువైందని కబురు రాంగనే
తెరుసుకుంటది, పొగ పక్కకు పోతది,
చక్రం నిమ్మళిస్తది.
ఆ కబురు నడిచే తొవ్వ
చిటికెన వేలంత రబ్బరు పైపు.
ఆ తొవ్వల ఒక గోలీని కూసోబెట్టాలె.

ఇత్తడి కడ్డీ లేత్‌కు కట్టిన.
పచ్చటి పొట్టు సుడులు సుడులుగ కాళ్ళ మీద రాలింది.
గోలీ సైకిల్ హబ్బుది.
మొదలు పెన్ను స్ప్రింగు పెట్టిన, ఉఫ్ అంటె ఒరిగింది;
గ్యాస్ లైటర్ది నిలబడ్డది.
పక్కకు సూది మొనంత బెజ్జం ఒకటి,
లోపట ఇరుక్కున్న గాలికి సందు.
బ్లేడు పైపు మీద పెట్టంగ
యాకయ్య మామ యాదికొచ్చిండు:
"కోసినంక కొలిస్తే పైపు పెరగదు బిడ్డా."
రెండు క్లిప్పులు బిగించి, సబ్బు నురుగు పూసిన.
బుడగ లేదు.

స్క్రూ లోపలికి తిప్పితే
కబురు ఆలస్యమైతది.
నిజాన్ని గడప కాడ
జరంత సేపు నిలబెట్టుడే ఈ పని.

నా డయల్ అద్దానికి టేపుతోని అతికించి
హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి దిక్కు తీసినం.
రోడ్డుకు సగం వడ్లు ఆరబోసిండ్రు,
మెల్లగ తప్పుకుంట పోయినం.
ఖాళీ రాంగనే మూడో గేరుల తొక్కిండు.
ముల్లు సున్న కాడ లేసి
పద్నాలుగు కాడ వణికింది.
వీపు సీటుకు అతుక్కున్నది.
బడి ఇడిసిన పిలగానోలె నవ్విండు సారంగపాణి:
"ఇంకో అర చుట్టు!"

పదిహేడు.
అప్పుడు ఇన్న,
మంగలంల మొదటి జొన్నగింజ పేలినట్టు
టిక్.
ఆయనకు ఇనిపియ్యలే. ఆయన టర్బో ఈల ఇంటుండు.

ఆఖరు ఏండ్లల్ల యాకయ్య మామకు చెవులు పోయినయ్.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనిచ్చి
పిడి పండ్ల నడుమ కరిసి పట్టి
ఆ చప్పుడును బొక్కలతోని ఇనేటోడు.
"పిస్టన్ తల మీద సుత్తె ఇది.
ఇంజన్ ఒక్కసారే ఏడ్వదు బిడ్డా,
ముందుగాల సణుగుతది."

షెడ్డుకొచ్చినంక డయల్ పీకేసి
"నట్ బిగిస్త, నువ్వు చాయ తాగిరా" అన్న.
ఆయన రోడ్డు దాటంగనే
పావు చుట్టు వెనక్కి తిప్పిన.
నట్ బిగించి, నట్ మీదికెల్లి స్క్రూ మీదికి
ఎర్ర గీత గీసిన.
నా గోళ్ళ రంగే, మేడారం జాతరల కొన్నది.
గీత తప్పితే ఎవరో తిప్పిండ్రని లెక్క.

పైసలిచ్చిండు, మీద ఇంకో వంద.
"పదిహేడే కదా?"
చేతులకు సర్ఫ్ రుద్దుకుంట
తల ఊపిననో, ఊపలేదో.

ఉగాది ముందట ఆయిల్ మార్పియ్య వచ్చిండు.
బానెట్ లేపితే
ఎర్ర గీత రెండు తునకలు.
కడుపుల కలుక్కుమన్నది.
వంగి టార్చి కొట్టి చూసిన.
స్క్రూ జరిగింది,
వదులు దిక్కు,
ఇంకో పావు చుట్టు.

సారంగపాణి రోడ్డు దిక్కు చూస్తుండు,
పోయే లారీల బస్తాలు లెక్కబెడ్తున్నట్టు.
ఏ రాత్రి, ఏ మలుపు కాడ, ఎవరు అడ్డమొచ్చిండ్రో
నేను అడగలే.
"బండి ఎట్లున్నది?" అంటే
"మస్తున్నదక్కా. పదిహేడు" అన్నడు.

సీస మూత తీసి
పాత గీత గోకి
కొత్తది గీసిన.