చదవడానికి మాత్రమే

వ్యాసర్‌పాడి, మూడో మేడ. రాత్రి రెండున్నర.
తెర మీద ఒక బిందె
నేలకు జానెడెత్తున, ఏ చెయ్యీ ఆనకుండా
తనంతట తాను తిరుగుతోంది.

గీసింది నేనే.
అయినా ఇప్పుడు దాని సంగతి
దాన్నే అడగాలి.

బిందె చుక్క రంగు, అని కొడితే
ఆకుపచ్చ అంది.
బిందె చుక్క ఎత్తు: రెండు.
రెండేమిటో, అడుగులో జానలో, చెప్పదు.
బిందె చుక్క నీళ్ళు?
నిల్.
సున్నా అనలేదు, ఖాళీ అనలేదు.
ఆ మాటే నేనెప్పుడూ వినలేదు, అన్నట్టు.
మధ్యలో చుక్క ఒక్కటే మిగిలింది.

పాపం భువనేశ్, ఆట పరీక్షించే కుర్రాడు,
నిన్న నలభై నిమిషాలు
లారీ గొట్టం కింద ఇదే బిందె పట్టుకు నిలబడ్డాడు.
నిండిందని దానికి తెలిస్తే కదా.

బరువు మాత్రం చెప్పింది: పదకొండు పాయింట్ నాలుగు.
ఎక్కువనిపించి ఆరు అని దిద్దాను.
ఎర్ర గీత పడింది:
ఇది చదవడానికి మాత్రమే, మార్చడానికి కాదు.

నాలుగున్నరకి నిజం లారీ హారన్.

మా వీధి సగం తెలుగు, సగం అరవం,
బిందెల వరసకి మాత్రం ఒకటే భాష.
అంచు కాలింది తాయారుది.
మెడకి నైలాన్ తాడు, మూల ఇంటి మరగదంది.
మేకుతో 'సు' అని గీకిన నారింజ రంగుది
సుగుణది. ఆమె ఇంకా ఆసుపత్రి డ్యూటీలోనే ఉంది.
అయినా దాని వంతు తప్పలేదు,
వెనకున్న వాళ్ళెవరో కాలితో
ముందుకు జరుపుతూనే ఉన్నారు.

ఆ చీకట్లో బిందెలోకి ఎవరూ తొంగి చూడరు.
గొట్టం పెట్టి, పక్కావిడతో
కరెంటు బిల్లు గురించి మాట్లాడుతూనే ఉంటుంది తాయారు.
లోపల నీళ్ళ గొంతు ముందు బొంగురు,
నిండేకొద్దీ సన్నం, ఇంకా సన్నం...
మాట మధ్యలో ఠక్కున గొట్టం మార్చేస్తుంది.
ఒక్క చుక్క కింద పడదు.

నేను నోరు తెరుచుకు చూస్తుంటే
"ఏందే, నిద్ర పోలేదా?" అంది,
నా బిందె నా చంకకెత్తుతూ.

పైన ఫైలు తెరిచే ఉంది.
నీళ్ళు అన్న మాట కొట్టేసి
గొంతు అని రాయాలి, అనుకుంటూ మెట్లెక్కాను.
రెండో మేడ దగ్గర ఆగి
ఈ నడుం నుంచి ఆ నడుంకి మార్చుకున్నాను.

పదకొండు కాదు.
ఎంతో, అంతే.